ముక్కు లేని బోట్లు

మా గుల్లలమొగ రాష్ట్రంలోకల్లా మొట్టమొదటి ఫైబర్ వ్యర్థ రహిత తీరం. ఆ సంగతి చెప్పే బోర్డు పాతడానికి ఇసుకలో జానెడు చోటు దొరక్క, ఒక పాత ఫైబర్ బోటుకి బెజ్జం పెట్టి అందులో నిలబెట్టారు. బెజ్జం పెట్టింది నేనే. కాబట్టి ఈ విషయంలో నా మాట నమ్మొచ్చు.

నేను ఫైబర్ మిస్త్రీని. పేరు గంగన్న. ఆరో తరగతిలో బడి మానేసి రెసిన్ జిగురు డబ్బా పట్టుకున్నాను, ఇప్పటిదాకా దించలేదు. ఈ రేవులో తిరిగే నలభై ఒక్క బోట్లలో ముప్పైకి పైగా నా చేతుల మీద పుట్టినవే. చచ్చినవి కూడా చాలామటుకు నా కళ్ళముందే చచ్చాయి.

ఫైబర్ బోటు చావు ఒక వింత చావు. చెక్క తెప్పల రోజుల్లో ఈ గొడవ లేదు. చెక్క ముసలిదైతే పొయ్యిలోకి వెళ్ళేది, పోతూ పోతూ ఒక కుండెడు పులుసు కాచి పోయేది. ఫైబర్ అలా కాదు. పదేళ్ళో పన్నెండేళ్ళో తిరుగుతుంది. తర్వాత పగుళ్ళిచ్చి, నీళ్ళు పట్టి, బరువెక్కి పనికిరాకుండా పోతుంది. పనికిరాదు గానీ, పోదు. కుళ్ళదు. చెద పట్టదు. కాలిస్తే ఊరంతా దగ్గేలా నల్లపొగ వదిలి, లోపలున్న గాజు గుడ్డ మాత్రం చెక్కుచెదరకుండా మిగులుతుంది. పాత ఇనుం కొనేవాడికి ఊరికే ఇస్తామన్నా సైకిలు ఆపడు. అందుకని వాటిని ఊరికి ఉత్తరాన, సరుగుడు తోట వెనక బోర్లించేవాళ్ళం. అలా అరవై మూడు పోగయ్యాయి. వాటి కింద కోళ్ళు గుడ్లు పెట్టేవి, వానొస్తే మేకలు నిలబడేవి, మధ్యాహ్నాలు పేకాట సాగేది. ఎవరికీ అడ్డం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. బోటు పనికిరాకుండా పోయిన రోజున మావాళ్ళు దాని ముక్కు కోసి ఇంటికి పట్టుకుపోతారు. ముక్కంటే బోటు ముందుభాగం, మూరెడు ముక్క. నీళ్ళలోకి దించేటప్పుడు పసుపూ కుంకుమా పెట్టేది దానికే. ఇన్నేళ్ళూ అలని కోసింది అదే. దాన్ని ఇసుకలో వదిలెయ్యడానికి మనసొప్పదు. గుమ్మం పక్క గోడకి దిగ్గొట్టి, శుక్రవారం శుక్రవారం పసుపు రాస్తారు. సర్కారువారి రిజిస్ట్రేషన్ నంబరు రాసి ఉండేది కూడా ఆ ముక్కు మీదే. బోటు తోట వెనక్కీ, నంబరు ఇంటికీ పోయేవి. దాంతో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. చచ్చిన బోటుని నంబరు పెట్టి పిలవాల్సిన అవసరం అప్పటిదాకా పుట్టలేదు.

ఏప్రిల్ నెలలో పుట్టింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేసి బోట్లన్నీ ఒడ్డుకి లాగిన వారానికి, తెల్ల జీపులో ప్రత్యేకాధికారి మృత్యుంజయరావు గారు దిగారు. చేపల వేలం షెడ్డులో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టారు.

"గ్రామస్తులకు తెలియజేయునది ఏమనగా," అని మొదలుపెట్టారు. నోటితోనే. చేతిలో కాగితం కూడా లేదు. "మిశ్రమ పదార్థ వ్యర్థముల పునశ్చక్రీకరణ నిమిత్తం మీ గ్రామమును ప్రయోగాత్మకంగా ఎంపిక చేయడమైనది. త్వరలో ఒక అధునాతన యంత్రము ఏర్పాటు చేయబడును. మీ పాత పడవలు పొడి చేయబడును. ఆ పొడి నుండి నూతన వస్తువులు రూపొందించబడును."

"ఎవరు చేస్తారు బాబూ ఇవన్నీ?" అని అడిగింది కాసులమ్మ వదిన.

కాసులమ్మ రేవులో చేపల వేలం పాడే మనిషి. ఆమె గొంతెత్తితే పక్క రేవులో ధర పడిపోతుందని అంటారు. నాకు వరసకి వదిన. మొగుడు పోయి నాలుగేళ్ళయింది. ఉన్నది ఒక్క బోటు, దాని మీదే ఆమె ఇల్లూ, అందులో వెళ్ళే నలుగురు కళాసీల ఇళ్ళూ నడుస్తాయి.

"చేయబడును అన్నాను కదమ్మా," అన్నారాయన. "ముందుగా వ్యర్థములన్నీ సేకరణ కేంద్రమునకు తరలించబడును."

"అదెక్కడ?"

ఆయన మ్యాపు విప్పి వేలు పెట్టారు. ఆ వేలు సరిగ్గా మొగ మీద పడింది.

మా ఊరిని సముద్రం కోసుకుపోతోందని పొడుగునా రాళ్ళ గోడ కట్టారు. ఆ గోడకి నలభై అడుగుల సందు ఒక్కటే ఉంది. అదే మొగ. మా బోట్లు దిగినా ఎక్కినా ఆ సందులోంచే. ఇంకో దారి లేదు.

"బాబూ, అది మా బోట్లు దిగే దారి," అంది వదిన.

"లారీ రాగలిగిన రోడ్డు అక్కడి వరకే ఉన్నది. పైగా ఇప్పుడు వేట నిషేధం. దారి ఖాళీగానే ఉన్నది కదా?"

"జూన్ పదిహేను పొద్దున నిషేధం అయిపోద్ది. అరవై రోజులు వేట లేక కూర్చున్న కడుపులు. ఆ రోజు దారి లేకపోతే ఎలాగ?"

"జూన్ పదిహేను నాటికి ఈ తీరం మీద ఒక్క వ్యర్థము మిగిలినా నా పేరు మార్చుకుంటాను," అన్నారు మృత్యుంజయరావు గారు.

నాలుగు రోజుల్లో ట్రాక్టర్లు అరవై మూడు బోట్లనీ లాక్కొచ్చి మొగలో రెండు వరసల ఎత్తున పేర్చాయి. కోళ్ళు రెండు రోజులు వాటిని వెతుక్కున్నాయి. ఐదో రోజు మిషను వచ్చింది. పచ్చగా, ఇల్లంత ఉంది. పైన పెద్ద గరాటు. గరాటులో బోటు ముక్కలు వేస్తే కింద పిండిలా పడుతుందట. రోజుకి రెండు టన్నులు నమలగలదట. కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు తొక్కించారు, ఒక మొక్క కూడా నాటారు. ఉప్పు ఇసుకలో గులాబీ మొక్క.

మొదటి బోటుని పైకెత్తగానే ఆపరేటరు దివాకర్ చెయ్యి అడ్డం పెట్టాడు. చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడు, మెళ్ళో కార్డు. "ఆగండి. దీనికి గుల్లలు అంటుకుని ఉన్నాయి, ఇసుక ఉంది, రంగు ఉంది, తడి ఉంది."

"సముద్రంలో తిరిగింది కదా బాబూ," అన్నాను.

"ప్రమాణాల ప్రకారం వ్యర్థం శుభ్రంగా, పొడిగా, రంగు లేకుండా ఉండాలి. సరే, కడుక్కోవచ్చు, గీక్కోవచ్చు. నంబరు ఏది?"

బోటు చుట్టూ తిరిగాడు. ముందు వైపు చూస్తే మూరెడు మేర కోసేసి ఉంది. రెండోది చూశాడు. మూడోది చూశాడు. అరవై మూడూ చూశాడు. "సార్, వీటిలో ఒక్కదానికీ ముక్కు లేదు!"

"నంబర్లు ఎక్కడ?" అన్నారు మృత్యుంజయరావు గారు నాకేసి తిరిగి.

"గుమ్మాల దగ్గరున్నాయండి."

ఆయన్ని కాసులమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. గుమ్మం పక్కన ముక్కు, దాని పక్కన ఆమె మొగుడి ఫోటో. రెండింటికీ పసుపే. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పసుపు కింద మసగ్గా ఉన్న నంబరు చదివి, "దీనిని స్వాధీనపరచుకోవలసి ఉంటుంది," అన్నారు.

"తీసుకెళ్ళండి," అంది వదిన. "పక్కనున్న ఫోటో కూడా తీసుకెళ్ళండి. ఇద్దరూ కలిసే సముద్రం చూశారు. ఒకళ్ళని వదిలి ఒకళ్ళు రారు."

ఆయన ఒక అడుగు వెనక్కేశారు. నేను కలగజేసుకున్నాను. "సార్, ముక్కు ఇంట్లోనే ఉండనిచ్చి, నంబరు చూసి రాసుకోండి. సరిపోద్ది."

"ఎలా సరిపోతుంది? వ్యర్థము ఒకచోట, నంబరు ఒకచోట ఉంటే, ఆ నంబరు ఈ వ్యర్థమునకే చెందినదని రుజువేమిటి? రేపు ఎవరో పొరుగు రాష్ట్రం వ్యర్థమును తెచ్చి మన వ్యర్థములో కలిపేస్తే?"

"ఎవరు తెస్తారండీ?"

"అదీ. ఎవరో తెలియదు. అందుకే జాగ్రత్త."

మర్నాడు మొగ దగ్గర కాగితం అంటించారు. వదిన నన్ను లాక్కెళ్ళి చదవమంది. చదివాను. "గుర్తింపు లేని సదరు అరవై మూడింటిని వ్యర్థములుగా పరిగణించుటకు వీలులేదు. అవి విచారణలో ఉన్న వస్తువులు. విచారణ పూర్తగు వరకు వాటిని ఉన్నచోటు నుండి కదల్చరాదు."

"అంటే చెత్త కాదా?"

"కాదు వదినా."

"పనికొస్తాయా?"

"రావు."

"తీసెయ్యొచ్చా?"

"తియ్యకూడదు."

ఆమె మొగకేసి చూసింది. రెండు బోట్ల ఎత్తు గోడ. దాని పైన ఆకాశం తప్ప సముద్రం కనపడటం లేదు. "బాగుంది మరిదీ. తోట వెనక ఉన్నన్నాళ్ళూ చెత్త. దారికడ్డం తెచ్చి పెట్టాక వస్తువులు."

ఆ వస్తువులకి కాపలాగా ఎర్రయ్య అనే వాచ్‌మన్‌ని వేశారు. మెట్ట ఊరివాడు, సముద్రమంటే భయం. దానికి వీపు పెట్టి కూర్చుని, ఎవరు దగ్గరికొచ్చినా విజిల్ ఊదేవాడు. ఆవులొచ్చినా ఊదేవాడు.

మిషను పద్దెనిమిది రోజులు నోరు తెరుచుకుని నిలబడింది. గరాటులో కాకి గూడు పెట్టింది. ఆ పుల్లల్ని ముడిసరుకు కింద రాసుకోవచ్చా అని దివాకర్ పై ఆఫీసుకి ఉత్తరం రాశాడట. పుల్లలకి నంబరు లేదు కాబట్టి కుదరదని జవాబొచ్చిందట.

పంతొమ్మిదో రోజు మృత్యుంజయరావు గారు బోట్లు చేసే మా షెడ్డుకి వచ్చారు. చెమటలు కక్కుతున్నారు. "గంగన్న గారూ," అన్నారు. సర్కారువాళ్ళు నన్ను గారు అనడం అదే మొదలు. నాకప్పుడే అనుమానం వచ్చింది.

"నెలకు ఇరవై టన్నులు లక్ష్యం. సాధించినది సున్నా. రాజధాని నుండి రోజూ ఫోన్లు. ప్రమాణములకు లోబడిన వ్యర్థముల లభ్యత లేకపోవడమే కారణమని నివేదించడమైనది."

"ఎదురుగా అరవై మూడు ఉన్నాయి కదండీ."

"అవి వస్తువులు." గొంతు తగ్గించారు. "శుభ్రంగా, పొడిగా, రంగు లేకుండా, ముక్కు మీద నంబరుతో... మీరు తయారు చేసి ఇవ్వగలరా?"

"కొత్త బోట్లా అండీ?"

"ఛఛ! కొత్త పడవలు చేయుటకు మన పథకంలో అవకాశమే లేదు. కొత్త వ్యర్థము."

పాతికేళ్ళకి పైగా ఈ పని చేస్తున్నాను. నా చేతిలో ఒకటీ అరా బోటు వ్యర్థంగా తయారైన మాట నిజమే గానీ, అలాగే చెయ్యమని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. సరే అన్నాను. అప్పటికి నిషేధం, పని లేదు. ఇంతకన్నా గొప్ప కారణం చెప్పలేను.

మొదటి వ్యర్థాన్ని ఒళ్ళు దాచుకోకుండా చేశాను. అచ్చుకి మైనం రాసి, గాజు గుడ్డ పరిచి, రెసిన్ పట్టించి, ఆరాక తీసి, ముక్కు మీద వాళ్ళిచ్చిన నంబరు వేసి, అడుగున అరచెయ్యంత బెజ్జం పెట్టాను. దివాకర్ వేలితో తట్టి చూసి పెదవి విరిచాడు. "ఇది బోటులా ఉందండీ."

"బోటు అచ్చులోంచే వచ్చింది బాబూ, పోలిక రాదా?"

"ఈ బెజ్జం పూడిస్తే తేలుతుందా?"

"అరగంటలో తేలుద్ది."

"అయితే ఇది మరమ్మతుకు అర్హమైన పడవ. తిరస్కరిస్తున్నాను."

రెండోదాన్ని సుత్తి పెట్టి కొట్టాను. అది పాసయింది. దాని మీద 'నాణ్యమైనది' అని ముద్ర కొట్టారు. అక్కణ్ణుంచి చెయ్యి తిరిగింది. ఇవాళ పోసినదాన్ని రేపు పొద్దున అచ్చులోంచి తీసి, ఎండెక్కాక సుత్తితో కొట్టి, సాయంత్రానికి మిషనుకి పెట్టేవాణ్ణి. ఇంకో మూడు అచ్చులు ఇచ్చారు. వేరే జిల్లాల అధికారులు చూడటానికి వచ్చారు. సుత్తి ఎంత ఎత్తు నుంచి దిగాలి, మొదటి దెబ్బ ఎక్కడ పడాలి అని అడిగి రాసుకున్నారు. ఒకాయన నా చదువెంత అని అడిగాడు. ఆరో తరగతి అన్నాను. "అయినా ఎంత బాగా పాడు చేస్తున్నారండీ!" అని మెచ్చుకున్నాడు. చదువుకున్నవాళ్ళ నోట ఆ మాట రావడం సామాన్యం కాదు.

ఒకరోజు కాసులమ్మ వదిన షెడ్డుకొచ్చింది. ఆమె బోటు అడుగున పగులిచ్చింది. ఒక ముక్క గాజు గుడ్డ, చిన్న డబ్బా రెసిన్ చాలు.

"రెసిన్ లేదు వదినా. టౌనులో ఉన్నదంతా పథకానికే రాసేసుకున్నారు."

ఆమె షెడ్డులోకి తొంగి చూసింది. నాలుగు తెల్లటి కొత్త బోట్లు నీడలో మెరుస్తున్నాయి. "నాలుగు బోట్లు పక్కనెట్టుకుని, నా పగులుకి గరిటెడు రెసిన్ లేదంటావేంటి మరిదీ?"

"అవి బోట్లు కావు. వ్యర్థం."

"ఇంకా కొట్టలేదుగా?"

"పుట్టుకతోనే వ్యర్థం వదినా. కొట్టడం మర్యాద కోసం."

ఆమె నవ్వలేదు. "మీ అన్న పోయిన ఏడాది నా బోటు చేశావు చూడు. మూడు రోజులు అన్నం కూడా ఇక్కడికే తెచ్చిపెట్టాను. 'ఇది నీ ఇంటికి గోడ వదినా' అన్నావు. అప్పుడు నీ చేతులకి ఏం చేస్తున్నాయో తెలుసు."

నేను సుత్తిని కాలితో గుడ్డల కిందకి తోశాను.

ఆమె ఊరుకునే రకం కాదు. తన కళాసీలు నలుగుర్నీ తీసుకొచ్చి ఒక కొత్త బోటుని భుజాలకెత్తించింది. పది అడుగులు వేశారో లేదో, ఎర్రయ్య విజిల్ ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే మృత్యుంజయరావు గారు.

"ఏమిటమ్మా ఇది! వ్యర్థమును వాడుకొనుట నిషిద్ధం!"

"కొట్టి పొడి చేసేదేగా బాబూ? నేను పదేళ్ళు వాడుకుని ఇచ్చేస్తాను. అప్పుడు కొట్టుకోండి."

"అదెలా కుదురుతుంది? ఉపయోగపడితే అది వ్యర్థము ఎలా అవుతుంది? మా లక్ష్యం ఏం కావాలి?"

దింపేశారు. ఆ సాయంత్రం బ్రష్షులు ముంచే డబ్బాల అడుగున మిగిలిందంతా గీకి, అచ్చు అంచుల్లో కత్తిరించి పారేసిన గుడ్డ ఏరి, ఆమె బోటు పగులు పూడ్చాను. అది నిజంగా వ్యర్థమే. ఎవరూ ముద్ర వెయ్యలేదు.

బోటు సిద్ధం. వల సిద్ధం. కళాసీలు సిద్ధం. ఊళ్ళో నలభై ఒక్క బోట్లూ సిద్ధమే. మొగలో మాత్రం అరవై మూడు వస్తువులు విచారణలో ఉన్నాయి.

ఈలోగా మిషను చేసిన పొడి కొండలా పేరుకుంది. టార్పాలిన్లు కప్పారు. సిమెంటువాళ్ళకి పంపితే తిప్పి పంపారు. ఇటుకల బట్టీవాళ్ళు లారీ దింపనివ్వలేదు. "విలువ జోడిద్దాం," అన్నారు మృత్యుంజయరావు గారు. పొడిని రెసిన్‌తో కలిపి పన్నెండు బెంచీలు పొయ్యమన్నారు. జూన్ పద్నాలుగున రాజధాని నుంచి కమిషనర్ గారు వస్తున్నారు, పథకానికి బహుమతి ప్రకటిస్తారు, వచ్చినవాళ్ళంతా ఆ బెంచీల మీదే కూర్చోవాలి.

నేను నా పని ధర్మంగా చెప్పాను. "సార్, ఇది గాజు నూలు పొడి. కంటికి కనపడని సూదులు. పైన నున్నటి పూత వెయ్యకపోతే ఒంట్లో దిగుతాయి. గోకినకొద్దీ లోపలికి పోతాయి. మేం ఈ పనిలోకి దిగేముందు ఒళ్ళంతా కొబ్బరినూనె దట్టంగా పట్టిస్తాం."

"పూత అంచనాలలో లేదు. పైగా పూత వేస్తే లోపల ఉన్నది పునశ్చక్రీకరించిన పొడి అని అతిథులకు ఎలా తెలుస్తుంది? పారదర్శకత ముఖ్యం గంగన్న గారూ."

తెలుస్తుందిలెండి అనుకుని, పారదర్శకంగానే పోశాను.

జూన్ పద్నాలుగు మధ్యాహ్నం మిషను పక్కనే షామియానా వేశారు. బోర్డు పాతడానికి నేను బెజ్జం పెట్టింది ఆ పొద్దుటే. కమిషనర్ గారు వచ్చారు, వెంట ఓ ముప్పై మంది. అందరూ బెంచీల మీద కూర్చున్నారు. మేం ఇసుకలో కూర్చున్నాం.

మృత్యుంజయరావు గారు మైకు అందుకున్నారు. "ఏప్రిల్‌లో ఈ గ్రామమున పునశ్చక్రీకరణ సున్నా. నేటికి నలభై రెండు టన్నులు! గమనించదగిన విషయమేమనగా, మన కృషి వలన వ్యర్థముల లభ్యత కూడా సరిగ్గా నలభై రెండు టన్నులు పెరిగినది!"

చప్పట్లు కొట్టారు. అప్పుడే సముద్రపు గాలి లేచింది. టార్పాలిన్ అంచు ఒకటి ఊడి పటపట కొట్టుకుంది. తెల్లటి పొడి సన్నగా లేచి, పూలదండల మీదా మెడల మీదా చల్లగా దిగింది.

ముందు కమిషనర్ గారు కాలు మీద కాలు వేసుకున్నారు. తీసి మళ్ళీ రెండో కాలు వేసుకున్నారు. పక్కనున్న ఇంజనీరు గారు జేబులో ఏదో వెతుకుతున్నట్టు చెయ్యి పెట్టి చాలాసేపు వెతికారు. వెనక బెంచీలో ముగ్గురు ఒకళ్ళ వీపు ఒకళ్ళు తట్టి అభినందించుకోవడం మొదలుపెట్టారు. ఆ తట్టడం మెల్లిగా గోకడంలోకి దిగింది. ఫోటోగ్రాఫరు కెమెరా కింద పెట్టేసి ఇసుకలో దొర్లాడు. మృత్యుంజయరావు గారు మాత్రం నిలబడి మాట్లాడుతున్నారు కాబట్టి, ఇదంతా తన ఉపన్యాసానికి వచ్చిన స్పందన అనుకుని ఇంకా గట్టిగా మాట్లాడారు.

కమిషనర్ గారు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. "ఆపండయ్యా! ఏంటీ దరిద్రం? దేంతో చేశారివి?"

"పునశ్చక్రీకరించిన ఫైబర్ సార్. నూటికి నూరుపాళ్ళు."

"తీసెయ్యండి! ఈ ఫైబర్ అన్నది ఇక్కడ నా కంటికి కనపడకూడదు!"

కాసులమ్మ వదిన లేచి చేతులు జోడించింది. "బాబయ్యా, మేం చదువుకోని వాళ్ళం. నోటిమాటైతే రేపటికి మర్చిపోతాం. కాగితం మీద రాసివ్వండి, మేం అందరం కలిసి తీసేస్తాం."

ఆయన ఒక చేత్తో నడుం గోక్కుంటూనే, రెండో చేత్తో ఆహ్వానపత్రం వెనక రాసి సంతకం పెట్టి, కారెక్కేశారు. మిగతావాళ్ళు వెనకాల పరిగెత్తారు. కాగితం వదిన చేతిలో ఉంది. నేను చదివాను. "ఈ తీరం మీద ఫైబర్‌తో చేసినది ఏది ఉన్నా, ఎవరిదైనా, రేపు సూర్యోదయం లోపల తొలగించవలెను."

మృత్యుంజయరావు గారు అడ్డం వచ్చారు. "ఆగండి, ఆ అరవై మూడూ విచారణలో ఉన్న..."

"ఫైబరేగా బాబూ?" అని వదిన కాగితం చూపించింది. ఆయన సంతకం చూశారు. తన పై అధికారి సంతకాన్ని ఆయన ఎన్నడూ విచారించి ఎరగరు.

ఆడా మగా, ముసలీ ముతకా అందరూ తాళ్ళు పట్టారు. ఐలేసా ఐలేసా అని అరవై మూడింటినీ ఒక్కొక్కటిగా లాగి, సరుగుడు తోట వెనక ఎక్కడివక్కడ బోర్లించాం. బోర్డు పాతిన బోటు కూడా బోర్డుతో సహా వెళ్ళింది. తర్వాత దివాకర్ ఆఫీసు గది. అది ఫైబర్ గది. తర్వాత వాళ్ళ మరుగుదొడ్డి. అదీ ఫైబరే. దివాకర్ నెత్తి మీది టోపీ కూడా ఫైబరే అని నేను చెప్తే, పాపం తనే తీసి ఇచ్చాడు. పొడి బస్తాలకెత్తి, బెంచీలతో పాటు వాళ్ళ లారీలకే ఎక్కించాం.

"ఇంకేముంది మరిదీ?" అంది వదిన.

"మిషను గరాటు ఉంది. కొత్తదన్నారు గానీ, నిరుడో ఎప్పుడో అతుకేసిన ఫైబర్ గరాటు. నాకు అతుకు తెలుసు."

స్పానరు పెట్టి గరాటు ఊడదీశాను. కాకి గూడు జాగ్రత్తగా పక్కన పెట్టాను. గరాటు మీద ఇత్తడి రేకు, రేకు మీద మిషను నంబరు. దివాకర్ లబలబలాడాడు. "అయ్యో, నంబరు లేకపోతే మిషనుకి గుర్తింపేముంటుందండీ!"

"ముక్కు పోయిందన్నమాట," అంది వదిన.

ఎర్రయ్య వదిన చేతిలోని కాగితాన్ని రెండోసారి చదివి, మొదటిసారి సముద్రం వైపు తిరిగాడు. "అమ్మా, మరి మీ నలభై ఒక్క బోట్ల సంగతేంటి? అవీ ఫైబరేగా? తీరం మీదే ఉన్నాయిగా?"

వదిన కాగితాన్ని మడిచి రవికలో దోపుకుంది. "ఉన్నాయి బాబూ. ఆజ్ఞ ఆజ్ఞే. పొద్దు పొడిచేసరికి ఒక్కటి కూడా తీరం మీద ఉండదు. రేపటికి నిషేధం కూడా ఉండదు."

ఉండలేదు. తెల్లవారుతుండగా మొగలోంచి ఒకదాని వెనక ఒకటి నలభై ఒక్కటీ దిగాయి. కాసులమ్మ బోటు మూడోది. ముక్కు మీద పసుపు తడి ఆరకుండానే మొదటి అలని ఎక్కింది. నేను గట్టునుంచి అడుగున వేసిన అతుకు వైపే చూస్తున్నాను. నీరు పట్టలేదు.

ఉదయం ఏడింటికి తనిఖీ బృందం వచ్చి ఫోటోలు తీసుకుంది. తీరం పొడుగునా ఒక్క ఫైబర్ ముక్క లేదు. నివేదికలో సున్నా అని రాసుకున్నారు. మా ఊరికి బహుమతి వచ్చింది. మృత్యుంజయరావు గారు అన్న మాట ప్రకారం పేరు మార్చుకోనక్కర్లేకపోయింది. దాని ముందు 'ఉత్తమ అధికారి' అని మాత్రం చేర్చుకున్నారు. మిషను విచారణలో ఉన్న వస్తువు. దాన్ని నడపకూడదు, కదల్చకూడదు. ఎర్రయ్య దానికే కాపలా కాస్తున్నాడు. గరాటు మా షెడ్డు గుమ్మం పక్క గోడకి దిగ్గొట్టాను. వదిన శుక్రవారం వచ్చి పసుపు రాసి పోతోంది, నవ్వకుండా.

అరవై మూడు బోట్లు మాత్రం తోట వెనకే ఉన్నాయి. కోళ్ళు సంతోషించాయి. నాకే సంతోషంగా లేదు. సముద్రం ఏడాదికి నాలుగు సరుగుడు చెట్లు మింగుతోంది. ఇంకొన్నాళ్ళకి ఆ బోట్లూ నీళ్ళ పాలవుతాయి. మా వలల్లో చేపలకి బదులు ఆ ముక్కలే పడతాయి. ఆ బోట్లని గీకి, కడిగి, గరాటు మళ్ళీ బిగించి మిషనులో వెయ్యొచ్చు. ముక్కు లేకపోయినా తీసుకోండి అని ఒక్క ముక్క రాస్తే చాలు. అదే అర్జీ పెట్టుకుందామని జిల్లా ఆఫీసుకి వెళ్ళాను.

అర్జీలు పెట్టుకునేవాళ్ళు కూర్చునే హాల్లో ఆ పన్నెండు బెంచీలూ వేసి ఉన్నాయి. కూర్చున్నవాళ్ళు పావుగంటకి మించి ఉండటం లేదు. లేచి, అర్జీ అక్కడే వదిలేసి, గోక్కుంటూ బస్టాండుకి పోతున్నారు. అర్జీల పరిష్కారం ఇంత వేగంగా రాష్ట్రంలో ఎక్కడా జరగడం లేదని గోడ మీద బోర్డు కూడా పెట్టారు.

గుమస్తా గాజుపలక వెనకనుంచి నాకేసి చూస్తూ కూర్చుంటాడు, ఎప్పుడు లేస్తానా అని. ఇవాళ్టికి తొమ్మిదో సోమవారం. పొద్దున్నే ఒళ్ళంతా కొబ్బరినూనె పట్టించి, మొదటి బస్సుకి వచ్చి, సాయంత్రం తలుపులు వేసేదాకా కదలకుండా కూర్చుంటున్నాను. ఆ బెంచీ చేసింది నేనే.